ప్రయాణంలో ఊపిరి మిషను చప్పుడు

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో ఇంతవరకు పెద్దలు పిల్లల చదువుల గురించీ, స్కాలర్‌షిప్పుల గురించీ, పెళ్ళి ఖర్చుల గురించీ మాట్లాడారు. అంత పెద్ద విషయాల తర్వాత ఒక చిన్న మిషను చేసే చప్పుడు గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను నిలబెట్టారు. వినడానికి ఇది నవ్వులాటగా ఉండవచ్చు. కాని ఆ చప్పుడుకు జంకి, మిషనును ఇంట్లోనే వదిలేసి ప్రయాణాలకు బయలుదేరేవారు మన కుటుంబాల్లో ఉన్నారు. ఇది వారి ప్రాణానికి సంబంధించిన సంగతి కాబట్టి కాస్త ఓపిక పట్టి వినమని మనవి చేసుకుంటున్నాను. నేను డాక్టరును కాను. ఆసుపత్రి పరికరాలు బాగుచేసే పనిలో ఇరవై ఏళ్ళు పైబడి ఉన్నాను. వైద్యం మాట డాక్టర్లది, మరమ్మతు మాట నాది.

ముందుగా జబ్బు సంగతి రెండు మాటల్లో చెబుతాను. కొందరికి నిద్ర పట్టగానే గొంతు వెనుక కండరాలు సడలి గాలి దారి మూసుకుపోతుంది. ఊపిరి పది సెకన్లో, ఇరవై సెకన్లో, ఒక్కోసారి ఇంకా ఎక్కువో ఆగిపోతుంది. అప్పుడు మెదడు ఉలిక్కిపడి మనిషిని కదిలిస్తుంది. పెద్దగా గురక పెట్టి అతను మళ్ళీ ఊపిరి తీస్తాడు. గంటకు ముప్ఫై సార్లకు మించి ఇలా జరిగితే జబ్బు తీవ్రంగా ఉన్నట్లు లెక్క. దీనినే స్లీప్ ఆప్నియా అంటారు. రాత్రంతా పడుకున్నా తెల్లవారేసరికి తల బరువుగా ఉండటం, పగలు కూర్చున్నచోటే కునుకు రావడం, రక్తపోటు మందులకు లొంగకపోవడం దీని వెంట వచ్చేవే. మన ఇళ్ళలో మాత్రం “అబ్బాకు ఒళ్ళు తెలియని నిద్ర పడుతుంది, ఆ గురక చూడండి” అని సంతోషిస్తూ ఉంటాం.

ఈ జబ్బుకు వాడే ముఖ్యమైన చికిత్స సీపాప్ మిషను. అది మందు ఇవ్వదు, ఆక్సిజనూ ఇవ్వదు. గదిలోని గాలినే లోపలికి తీసుకుని, చిన్న ఫ్యానుతో కాస్త ఒత్తిడి పెంచి, ట్యూబు ద్వారా ముక్కుకు పెట్టిన మాస్కులోకి పంపుతుంది. ఆ గాలి ఒత్తిడే గొంతు మూసుకుపోకుండా నిలబెడుతుంది. ఈ ఒత్తిడిని నీటి సెంటీమీటర్లలో కొలుస్తారు. సాధారణంగా 4 నుంచి 20 వరకు ఉంటుంది. ఎవరికెంత కావాలో డాక్టరు పరీక్ష చేయించి నిర్ణయిస్తారు.

ఈ చప్పుడు సమస్య మిషనుతోపాటే పుట్టింది. 1980లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కోలిన్ సలివన్ అనే వైద్యుడు ఈ పద్ధతిని మొదటిసారి ఒక రోగికి పెట్టి చూశారు. 1981లో ఐదుగురు రోగుల ఫలితాలను లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ఆ తొలి రోజుల మిషన్లకు వాక్యూమ్ క్లీనరు మోటారు వాడేవారంటే, ఆ మోత ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి. ఆనాటి రోగులు ఆ మోత భరించి కూడా మిషను వదలలేదు. ఎందుకంటే ఎన్నో ఏళ్ళ తర్వాత వారికి నిండు నిద్ర దొరికింది.

ఇప్పటి మిషన్లు చాలా నెమ్మదస్తులు. ఇంట్లో వాడే ఎయిర్‌సెన్స్ 10 అనే మిషను చప్పుడు 26.6 డెసిబెల్స్ అని తయారీదారులు చెబుతారు. దాని బరువు కిలో పైచిలుకు. ప్రయాణాల కోసం అదే కంపెనీ చేసిన ఎయిర్‌మినీ బరువు 300 గ్రాములు, అంటే అరచేతిలో పట్టేంత. దాని చప్పుడు 30 డెసిబెల్స్. కాగితం మీద చూస్తే తేడా మూడున్నర లోపే. మూడు డెసిబెల్స్ తేడాను మన చెవి కొద్దిగా మాత్రమే పట్టుకుంటుంది. పది పెరిగితే గాని రెట్టింపు గట్టిగా వినిపించినట్లు అనిపించదు. పడకగదిలో చప్పుడు 30 డెసిబెల్స్ దాటకుంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో చెప్పింది. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రివేళ హద్దు 45. మరి మిషను లేకుండా పడుకున్న మనిషి గురక సులభంగా 50 దాటుతుంది. ఈ లెక్కలు గుర్తుపెట్టుకోండి, చివరలో అవసరమవుతాయి.

అయితే ప్రయాణపు మిషను ఎందుకు ఎక్కువ చప్పుడు చేస్తున్నట్లు తోస్తుంది? చిన్న ఫ్యాను అంతే ఒత్తిడి ఇవ్వాలంటే మరింత వేగంగా తిరగాలి. వేగం పెరిగితే శబ్దం సన్నబడుతుంది. మోతకంటే కీచుమనే సన్నని శబ్దమే చెవికి గుచ్చుకుంటుంది. పెద్ద మిషనులో శబ్దాన్ని అణిచే అరలు పెట్టడానికి చోటుంటుంది, చిన్నదానిలో ఆ చోటు తక్కువ. పైగా కంపెనీవారు చెప్పే అంకె 10 సెంటీమీటర్ల ఒత్తిడి దగ్గర కొలిచినది. డాక్టరు మీకు 14 పెడితే చప్పుడు ఆ అంకెకు మించే ఉంటుంది. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. ఇంట్లో భార్య, పిల్లలు ఆ శబ్దానికి అలవాటు పడి ఉంటారు. ప్రయాణంలో పక్కన పడుకునేవారు పరాయివారు. అసలు చప్పుడుకంటే మన సిగ్గు పెద్దగా వినిపిస్తుంది.

నాకు తెలిసిన ఒక చాచా సంగతి చెబుతాను. రెండేళ్ళుగా మిషను క్రమం తప్పకుండా వాడుతున్న మనిషి. దూరపు బంధువుల పెళ్ళికి వెళ్ళారు. ఫంక్షన్ హాలు మేడమీద గదిలో ఎనిమిది మంది మగవాళ్ళు చాపలు పరుచుకుని పడుకున్నారు. చాచా మిషను తీసి పెట్టగానే ఒక కుర్రవాడు “ఏం చాచా, విమానం ఎక్కించారా?” అన్నాడు. అందరూ నవ్వారు. కుర్రవాడి మనసులో చెడ్డేమీ లేదు. చాచా కూడా నవ్వి, మిషనును తిరిగి సంచిలో పెట్టేశారు. రెండు రాత్రులు అలాగే పడుకున్నారు. మూడోనాడు తెల్లవారుజామున కుటుంబాన్ని కారులో కూర్చోబెట్టుకుని తానే నడుపుతూ బయలుదేరారు. హైవే మీద కన్ను మూతపడింది. కారు డివైడరును రాసుకుంటూ పోయి ఆగింది. అల్లా దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. తర్వాత ఆయన మిషను పట్టుకుని నా దగ్గరికి వచ్చి, “బాబూ, దీని నోరు మూయించే ఉపాయం చెప్పు” అన్నారు. ఆయనకు చెప్పినవే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

మిషను చప్పుడు అని అందరూ ఒకే మాట అంటారు గాని, అందులో నాలుగు రకాలున్నాయి. ఏది ఏదో తెలియకుండా మందు వేయలేం. పగటిపూట మిషను ఆన్ చేసి, మాస్కు పెట్టుకుని పడుకోండి. ఇంట్లోవారిని ఒకరిని పక్కన కూర్చుని వినమనండి.

మొదటిది బల్ల చప్పుడు. మిషనును చేత్తో కొంచెం పైకి ఎత్తండి. మోత చప్పున తగ్గిందంటే తప్పు బల్లది. డొల్లగా ఉండే చెక్క బల్ల, రేకు స్టూలు డోలక్ లాగా మోగుతాయి. నాలుగు మడతలు వేసిన తువ్వాలు మిషను కింద పరిస్తే చాలు, ఖర్చు లేదు. తువ్వాలు కిందనే ఉండాలి, గాలి పీల్చుకునే చోటును కప్పకూడదు. తల దగ్గర కాకుండా కాళ్ళవైపు చిన్న పీట మీద పెడితే ఇంకా మంచిది. దూరం పెరిగేకొద్దీ చప్పుడు తగ్గుతుంది. గోడకు ఆనించకండి, మూలలో పెట్టకండి, ఆ శబ్దం గోడకు తగిలి తిరిగి వస్తుంది.

రెండవది మాస్కు పక్కల నుంచి వచ్చే బుసబుస. నా అనుభవంలో సగానికి పైగా ఫిర్యాదులు ఇక్కడే తేలుతాయి, పాపం మిషను నిందమోస్తుంది. మాస్కు అంచు చుట్టూ అరచేయి తిప్పి చూడండి. కంటి దగ్గరో, బుగ్గ దగ్గరో గాలి తగిలితే అక్కడ లీకు ఉంది. వెంటనే పట్టీ బిగించాలని అందరికీ తోస్తుంది. ఎక్కువ బిగిస్తే మెత్తని అంచు ముడతపడి లీకు ఇంకా పెరుగుతుంది. పట్టీ వదులు చేసి, మిషను నడుస్తుండగా పడుకున్న స్థితిలోనే మాస్కును కాస్త ముందుకు లాగి మళ్ళీ కూర్చోబెట్టండి. రోజూ మాస్కు అంచును మెత్తని సబ్బు నీళ్ళతో కడగండి. పడుకునే ముందు ముఖానికి క్రీము, తలకు జిడ్డుగా కొబ్బరినూనె పట్టిస్తే మాస్కు జారుతుంది. ఆ పని ఉదయం చేసుకోవచ్చు.

గడ్డం ఉన్నవారికి ఇక్కడ ఒక మాట. వెంట్రుకల మీద మాస్కు అంచు అతకదు, సందుల్లోంచి గాలి పోతుంది. దానికోసం గడ్డం సంగతి ఎవరూ బెంగపెట్టుకోనక్కరలేదు. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్న మెత్తలు దొరుకుతాయి, నేజల్ పిల్లోస్ అంటారు. గడ్డం, మీసం ఉన్న చాలామందికి అవి బాగా కుదురుతాయి. నోరు తెరిచి పడుకునేవారికి మాత్రం అవి సరిపోకపోవచ్చు, డాక్టరును అడగాలి.

మూడవది మాస్కు ముందు భాగంలోనో, ట్యూబు మొదట్లోనో ఉండే సన్న రంధ్రాల నుంచి వచ్చే గాలి. ఇది లోపం కాదు. మనం వదిలిన ఊపిరి బయటికి పోయే దారి అదే. ఈ గాలిని చెదరగొట్టి నెమ్మదిగా వదిలేలా చేసిన మాస్కులు ఇప్పుడు వస్తున్నాయి, కొత్తది కొనేటప్పుడు అడిగి చూడండి. ఆ గాలి పక్కవారి ముఖానికి కొట్టకుండా మనం గోడవైపు తిరిగి పడుకుంటే సగం గొడవ తీరుతుంది. పక్కకు తిరిగి పడుకోవడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. వెల్లకిలా పడుకున్నప్పుడు చాలామందికి గొంతు ఎక్కువగా మూసుకుంటుంది. తనంతట తాను ఒత్తిడి మార్చుకునే మిషను అయితే, పక్కకు తిరిగినప్పుడు తక్కువ ఒత్తిడితోనే సరిపెడుతుంది. ఒత్తిడి తగ్గితే చప్పుడూ తగ్గుతుంది.

నాలుగవది మిషను సొంత గొంతు. ముందు ఫిల్టరు చూడండి. మన వేసవి దుమ్ముకు అది త్వరగా మూసుకుపోతుంది, అప్పుడు ఫ్యాను మరింత కష్టపడి తిరగాలి. ప్రయాణానికి ముందు కొత్త ఫిల్టరు వేసుకుని, ఇంకొకటి సంచిలో పెట్టుకోండి. మాస్కు దగ్గర ఉండి తేమనిచ్చే చిన్న బిళ్ళ ఉన్న మిషను అయితే, దానిని కంపెనీ చెప్పిన గడువులో మార్చండి. నీళ్ళ తొట్టి ఉన్నవాటిలో చల్లని గదిలో ట్యూబులో నీరు చేరి బుడబుడమంటుంది. మిషనును పడక కంటే తక్కువ ఎత్తులో ఉంచి, ట్యూబుకు గుడ్డ తొడుగు వేస్తే అది తగ్గుతుంది. కొన్ని ప్రయాణపు మిషన్లకు ట్యూబులో అమర్చే శబ్దం తగ్గించే చిన్న అమరికను కంపెనీయే ఇస్తుంది. అటువంటిది వాడవచ్చు. ఇవన్నీ చూసిన తర్వాత కూడా కొత్తగా ఈలో, గరగరో వినిపిస్తే అది లోపలి వ్యవహారం. ఇంట్లో స్క్రూలు విప్పకండి, బాగుచేసేవారికి చూపించండి.

ఇప్పుడు చేయకూడని పనులు. దయచేసి దీనిని జాగ్రత్తగా వినండి. చప్పుడు వస్తుందని మిషనును దుప్పటిలో చుట్టకండి, దిండు కింద పెట్టకండి, సొరుగులో పెట్టి మూయకండి. అది గాలి పీల్చుకోలేదు, వేడెక్కుతుంది. మాస్కు రంధ్రాలకు దూది, ప్లాస్టరు అంటించకండి. అలా చేస్తే మనం వదిలిన చెడుగాలినే మళ్ళీ పీలుస్తాం. బజారులో దొరికే స్పాంజి ముక్కలు గాలిదారిలో కూరకండి.

స్పాంజి విషయంలో లోకమంతా ఒక పాఠం నేర్చుకుంది. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ తన ఊపిరి మిషన్లను లక్షల సంఖ్యలో వెనక్కి పిలిచింది. కారణం ఏమంటే, శబ్దం తగ్గించడానికి వాటిలో పెట్టిన పాలియూరిథేన్ నురుగు కాలక్రమాన శిథిలమై, ఆ నలుసులు, రసాయనాలు రోగి పీల్చే గాలిలో కలిసే ప్రమాదం ఉందని తేలింది. ఓజోన్‌తో శుభ్రం చేసే పరికరాలు వాడితే ఆ నురుగు ఇంకా త్వరగా పాడు కావచ్చునని కూడా ఆ కంపెనీ అప్పుడు హెచ్చరించింది. ఇంజనీర్లు ఎంతో ఆలోచించి పెట్టినదే అలా అయితే, మనం తోచినట్లు కూరే స్పాంజి సంగతి చెప్పనక్కరలేదు. మీ ఇంట్లో 2021కి ముందు కొన్న పాత మిషను గాని, ఎవరైనా ఇచ్చిన సెకండ్‌హ్యాండ్ మిషను గాని ఉంటే, దాని నంబరు చూపించి ఆ జాబితాలో ఉందో లేదో విచారించండి.

ఇక ప్రయాణాల సంగతి. రైలులో చప్పుడు సమస్యే కాదు, రైలు మోతలో మిషను వినపడనే వినపడదు. అక్కడ ఇబ్బంది కరెంటుది. బెర్తు దగ్గరి సాకెట్టు సెల్‌ఫోన్ల కోసం పెట్టినది, చాలా పెట్టెల్లో 110 వోల్టులే వస్తుంది, కొన్నిచోట్ల రాత్రివేళ ఆపేస్తారు కూడా. కాబట్టి మిషనుకు తగిన బ్యాటరీ ఉండాలి. విమానంలో విడి లిథియం బ్యాటరీని చేతిసంచిలోనే పెట్టుకోవాలి. 100 వాట్ అవర్ల లోపుదైతే ప్రత్యేక అనుమతి అక్కరలేదు, 100 నుంచి 160 వరకైతే విమాన సంస్థ అనుమతి తీసుకోవాలి. మిషను కూడా చేతిసంచిలోనే, డాక్టరు చీటీతో సహా ఉండాలి.

హజ్, ఉమ్రా ప్రయాణాల్లో అసలైన పరీక్ష ఎదురవుతుంది. ఒకే గదిలో నలుగురైదుగురు ఉంటారు. మినాలో గుడారాల్లో పరుపులు పక్కపక్కనే ఉంటాయి. పగలంతా నడక, అలసట, ఎండ. ఆ రోజుల్లోనే మొహమాటపడి మిషను కట్టేసేవారున్నారు. నిజానికి నిండు నిద్ర, నిబ్బరమైన గుండె ఎప్పటికంటే ఎక్కువగా కావలసింది అప్పుడే. సౌదీలో ఎక్కువగా మూడు చదరపు కాళ్ళ ప్లగ్గులు వాడతారు, మన గుండ్రని కాళ్ళ ప్లగ్గు పట్టదు. ఒక అడాప్టరు, పొడుగాటి వైరు ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు ఇక్కడి నుంచే తీసుకువెళ్ళండి. సాకెట్టు దూరమని మిషను వాడకపోవడం ఉండకూడదు. రంజాన్‌లో సహరీకి లేచి ఫజ్ర్ తర్వాత మళ్ళీ పడుకుంటే, ఆ గంటసేపు కూడా మాస్కు పెట్టుకోండి. గొంతుకు రాత్రి, పగలు అనే తేడా తెలియదు.

పక్కవారితో ఏం చెప్పాలి అని చాలామంది అడుగుతారు. దీపం ఆర్పకముందే చెప్పండి. “భాయ్, నాకు రాత్రిపూట ఊపిరి మిషను ఉంది. సన్నగా గాలి చప్పుడు వస్తుంది. అది పెట్టుకోకపోతే నా గురక వస్తుంది. మీకు ఏది నయమో చెప్పండి” అనండి. ఇందాక చెప్పిన లెక్క ఇక్కడ పనికివస్తుంది. మిషను 30 డెసిబెల్స్, గురక 50 పైమాట. అందులోనూ మిషనుది ఫ్యాను గాలిలాగా ఒకే తీరున సాగే శబ్దం. గురక ఆగి ఆగి, హఠాత్తుగా లేపే శబ్దం. పక్కవారి కోసం ఒక జత ఇయర్ ప్లగ్గులు కొని సంచిలో ఉంచుకోండి. అడగకుండానే అందిస్తే స్నేహం కూడా కలుస్తుంది. చాచా ఆ తర్వాతి ప్రయాణంలో ఇలాగే చేశారు. ఆ గదిలో ఒకాయన ఆయన చెప్పింది విని, “నాకూ గురక ఉంది, ఊపిరి ఆగుతుందని మా ఇంట్లో భయపడుతున్నారు, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి?” అని అడిగాడట.

మిషను లేనివారికి కూడా ఒక విన్నపం. మీ పక్కన ఎవరైనా మాస్కు పెట్టుకుని పడుకుంటే నవ్వకండి. కళ్ళజోడు పెట్టుకున్నవాడిని చూసి మనం నవ్వం కదా. ఇదీ అలాంటిదే. మీ ఒక్క నవ్వుతో ఆ మనిషి మిషను సంచిలోకి పోతుంది, అది పోతే ఏమవుతుందో విన్నారు.

చివరగా మన సంఘానికి ఒక సూచన చేస్తున్నాను. హజ్ యాత్రికులకు శిక్షణ శిబిరం జరిగేటప్పుడు అరగంట ఈ విషయానికి కేటాయించండి. మిషను వాడేవారు ఎవరెవరో ముందుగా తెలుసుకుని, వీలైనంతవరకు వారిని ఒకే గదిలో ఉండేలా చూడండి. ఒకరి చప్పుడు ఒకరికి బరువు కాదు, ఒకరి ఫిల్టరు ఇంకొకరికి అక్కరకు వస్తుంది. ఆ రోజున మిషన్లన్నీ తెమ్మనండి. చప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో ఒక్కొక్కటీ చూసి చెప్పే పని నేను చేస్తాను. దానికి రుసుము ఏమీ లేదు, ఒక కప్పు టీ ఇప్పిస్తే చాలు.